మొక్కు తీరిన కోడె, పరుగు ఆగిన గుర్రం

మేడారం జాతరకు పోయే కుటుంబాలు ముందుగా వేములవాడ వెళ్ళి రాజన్నకు మొక్కు చెల్లించుకోవడం తెలంగాణలో పాత ఆచారం. రెండేళ్ళకోసారి జాతర దగ్గరపడే వారాల్లో వేములవాడ గుడి కిక్కిరిసిపోతుంది. అక్కడి పెద్ద మొక్కు కోడెమొక్కు. పిల్లలు కలగాలనో, జబ్బు నయం కావాలనో మొక్కుకున్నవారు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. చాలామంది టికెట్ తీసుకుని దేవస్థానం కోడెనే తిప్పుతారు. కొందరు మాత్రం ఇంటి కోడెను తెచ్చి స్వామికి వదిలేసి పోతారు. అలా వదిలినవి తిప్పాపూర్‌లోని దేవస్థానం గోశాలకు చేరతాయి. మేడారంలో తీరు వేరు. అక్కడ సమ్మక్క, సారలమ్మలకు బెల్లమే బంగారం. భక్తులు ఎదురుకోళ్ళు ఎగరేస్తారు, యాటను కోసి, వండి, చుట్టపక్కాలతో కలిసి తింటారు. ఒకే యాత్రలో ఒక జీవి ప్రాణం దేవతకు పోతుంది, మరొక జీవి ప్రాణంతోనే దేవుడిదవుతుంది.

బలి తగునా తగదా అన్న వాదం చాలాకాలంగా నడుస్తోంది. దాని నీడలో పడి కనిపించని ప్రశ్న ఇంకొకటుంది: చంపకుండా వదిలిన జీవి ఆ తర్వాత ఎవరి బాధ్యత? కోసిన యాట విషయంలో ఈ ప్రశ్న రాదు. బతికిన కోడె విషయంలో రోజూ వస్తుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో చెక్కించిన అశోకుడి శాసనాల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి శాసనం జంతుబలిని నిషేధిస్తుంది. రెండోది మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినట్టు, మూలికలు లేనిచోట తెప్పించి నాటించినట్టు, దారుల వెంట బావులు తవ్వించినట్టు చెబుతుంది. చంపవద్దని చెప్పి ఊరుకోకుండా, ఆ వెంటనే మందుల గురించి, నీళ్ళ గురించి మాట్లాడటంలోనే అశోకుడి ధర్మబుద్ధి తెలుస్తుంది.

మనిషికి పనికొచ్చే కాలం, జంతువు బతికే కాలం ఒకటి కావు. గుర్రంలో ఈ తేడా మరీ ఎక్కువ. పాతికేళ్ళు, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్ళు బతికే జీవి అది. పందెపు గుర్రానికి ఆరేడేళ్ళు నిండేసరికే సాధారణంగా పరుగు ముగుస్తుంది. హైదరాబాద్‌లో పెళ్ళికొడుకును మోసే గుర్రమైనా, ఒకప్పుడు పట్టణాల్లో టాంగా లాగిన గుర్రమైనా కాలు చెడితే సంపాదన పోయినట్టే. కోడె కథ కూడా ఇంతే. దుక్కికీ బండికీ ట్రాక్టర్ వచ్చాక మగదూడను పెంచే రైతు తగ్గిపోయాడు. మేడారానికి ఎడ్లబండ్ల మీద రోజుల తరబడి నడిచిన జనం ఇప్పుడు ఎక్కువగా బస్సుల్లో, కార్లలో వస్తున్నారు. పనిలేని దూడకు మొక్కు ఒక గౌరవమైన దారి. అయితే మొక్కు వెనుక భక్తి ఎంత, ఇంట్లో బరువు దించుకోవడం ఎంత అన్నది ఒక్కోసారి మొక్కినవారికే తేలకపోవచ్చు.

ఆశ్రయంలో చేరిన జంతువును బతికించడం మనసుతో పాటు చేతికీ తెలియాల్సిన పని. ఎముకలు తేలిన గుర్రాన్ని చూసి జాలితో తొట్టినిండా ఉలవలు, దాణా పోస్తే అది చచ్చిపోవచ్చు. చాలారోజులు తిండిలేని ఒంట్లోకి పిండిపదార్థం ఒక్కసారిగా చేరితే రక్తంలోని లవణాలు పడిపోయి గుండె ఆగవచ్చు. అందుకే ఎండుగడ్డిని కొద్దికొద్దిగా, రోజులో చాలాసార్లు పెడుతూ, రోజులు గడిచేకొద్దీ పెంచాలి. గుర్రానికి వాంతి కాదు. కడుపులో చేరింది బయటికి రాక కడుపునొప్పితోనే ప్రాణం పోవచ్చు. గిట్టలు ఆరేడు వారాలకోసారి చెక్కాలి. అరిగేకొద్దీ పైకి వచ్చే పళ్ళ అంచులు బుగ్గను కోయకుండా ఆకురాయితో రాయించాలి. పాండ్యదేశపు రాజులు ఏటా వేల గుర్రాలను కొనేవారనీ, సాకడం తెలియక వాటిలో చాలా భాగం ఏడాదిలోనే చచ్చిపోయేవనీ 13వ శతాబ్దిలో మార్కోపోలో రాశాడు. బంగారం పోసి కొన్న జంతువు గతి అది. ఉచితంగా వచ్చినదాని గతి ఎలా ఉండగలదో ఊహించవచ్చు.

2025 వేసవి చివర్లో తిప్పాపూర్ గోశాలలో కోడెలు వరసగా చనిపోవడం రాష్ట్రమంతటినీ కలతపెట్టింది. తర్వాత చాలా కోడెలను రైతులకు ఉచితంగా పంచారు. చోటుకు మించి పశువులను ఉంచితే, వానకు కింద నేల బురదైతే, పాలు పూర్తిగా మరవని దూడలు వాటిలో ఉంటే, ఏ గోశాలలోనైనా బలహీనమైనవే ముందు పడిపోతాయి. మొక్కులు ఎన్ని వచ్చినా పుచ్చుకునే గుడికి గడ్డి, నీడ, వైద్యుడి అవసరం కూడా అంతే పెరుగుతుంది. అవి పెరగకుండా కోడెలను తీసుకుంటూ పోవడం దానాన్ని స్వీకరించడం అనిపించుకోదు.

దానానికి ఇచ్చేవాడితో పాటు పుచ్చుకునేవాడూ ఉండాలని ధర్మశాస్త్రాలు అంటాయి. కోడెను పుచ్చుకునేది దేవుడే అయినా గడ్డి వేసేది మనిషి. భారతీయ న్యాయం ఇక్కడ సూటిగా ఉంది. గుడిలోని మూర్తికి ఆస్తి కలిగి ఉండే వ్యక్తిత్వం ఉంది, దాని తరఫున పనిచేసే బాధ్యత నిర్వాహకులది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 3వ సెక్షన్, జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే దాని క్షేమం చూడటం వారి విధి అంటుంది. చట్టం ఎవరి జాలినీ అడగదు, తాడు ఎవరి చేతిలో ఉందో అడుగుతుంది.

దీన్ని దయ అనడం కన్నా ఋణం అనడమే సరైనది. దయ చూపేవాడికి మనసు మారవచ్చు, ఋణపడినవాడికి ఆ వెసులుబాటు లేదు. తిక్కన తెలుగు చేసిన ద్రోణపర్వంలో సైంధవ వధనాటి ఘట్టం ఉంది. పొద్దు గుంకేలోగా ప్రతిజ్ఞ తీరాలి, అయినా అలసిన గుర్రాల కోసం అర్జునుడు రథం దిగి, బాణంతో నీటిమడుగు కల్పిస్తాడు. కృష్ణుడు కాడి విప్పి, ఒంట్లో దిగిన బాణాలు తీసి, నీళ్ళు తాగించి సేద తీరుస్తాడు. ఆ గుర్రాలు మళ్ళీ రథం లాగాల్సినవే కాబట్టి ఆ సేవలో అవసరమూ ఉంది. పని ముగిసిన గుర్రం కంథకం. సిద్ధార్థుణ్ణి నగరం దాటించి, ఆయన లేకుండా మిగిలి, ఆ దుఃఖంతోనే చనిపోయిందని బౌద్ధకథ. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు మహాభినిష్క్రమణాన్ని చెక్కినప్పుడు ఆ గుర్రాన్నీ చెక్కారు. త్యాగం చేసింది రాకుమారుడే అయినా దాని మూల్యంలో ఒక వంతు గుర్రం చెల్లించింది. మేడారం కథలో ఈ సంబంధం తిరగబడి ఉంటుంది. వేటకు వెళ్ళిన కోయదొరలకు సమ్మక్క దొరికింది పులుల మధ్య ఆడుకునే పసిపాపగా. దిక్కులేని బిడ్డను ముందు కాచింది అడవి మృగాలే. ఈ కథను నమ్మి జాతరకు పోయే జనానికి జంతువు పట్ల ఋణం కొత్తగా నేర్పాల్సినది కాదు.

ఋణమని ఒప్పుకున్నా తెగని చిక్కు ఒకటుంది. లేవలేని గుర్రాన్ని, కుళ్ళిన కాలితో మూలిగే కోడెను చివరిదాకా అలాగే ఉంచడం సంరక్షణ అవుతుందా? 1928లో సబర్మతి ఆశ్రమంలో బాధ భరించలేకపోతున్న దూడకు గాంధీ సూదిమందుతో ప్రాణం తీయించి, అది అహింసేనని రాశాడు. ఎందరో నొచ్చుకున్నారు, గట్టిగా ఎదురు వాదించారు. గుజరాత్ జైనుల పింజ్రాపోళ్ళ (పశువుల ఆశ్రయాల) సంప్రదాయం ప్రాణం దానంతటదే పోయేవరకు సాకాలంటుంది. నేటి గుర్రాల ఆశ్రయాలు చాలావరకు, నయం కాని బాధ ఉందని పశువైద్యుడు తేల్చాక మందుతో విముక్తి ఇస్తాయి. 1960 చట్టం కూడా దానికి చోటిచ్చింది. రెండు పక్షాలూ జంతువు బాధనే తలకెత్తుకున్నవి. అయితే గడ్డి, నీళ్ళు, మందు అన్నీ సకాలంలో అందించాక మాత్రమే ఈ ప్రశ్న అడిగే అర్హత ఏ ఆశ్రయానికైనా వస్తుంది. నిర్లక్ష్యంతో పడిపోయిన కోడె ముందు నిలబడి అడగదగిన ప్రశ్న ఇది కాదు.