ఒక దీనారముతో ఏమి వచ్చేది?



ద్రాక్షతోట కూలీల ఉపమానము మీకు తెలియనిది కాదు (మత్తయి 20). తెల్లవారగానే పనిలో దిగినవారికీ, సాయంత్రము ఐదు గంటలకు వచ్చినవారికీ యజమానుడు ఒక్కొక్క దీనారమే ఇచ్చాడు. ఈ సువిశేషము చదివిన ప్రతిసారీ గుడి బయట ఎవరో ఒకరు “ఇదేమి న్యాయము, ఫాదర్?” అని అడుగుతూనే ఉంటారు. ప్రశ్న సబబైనదే. అయితే జవాబు వెతికే ముందు, ఆ దీనారముతో ఆనాటి అంగడిలో ఏమి వచ్చేదో తెలుసుకొందాము.

రోమా సామ్రాజ్యములో ఒక వెండి దీనారమునకు 16 ఆస్సులు. ఆస్సు అంటే చిన్న నాణెము. ఒక ఆస్సుకు రెండు పిచ్చుకలు వస్తాయని ప్రభువే సెలవిచ్చారు (మత్తయి 10:29). పేదవారికి అందుబాటులో ఉన్న మాంసము అది.

ఇటలీ దేశములోని పొంపెయి పట్టణము క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బద్దలై బూడిదలో పూడిపోయింది. తరువాతి తవ్వకాలలో, ఒక ఇంటి గోడమీద ఎవరో వ్రాసుకొన్న రోజువారీ పద్దు బయటపడింది. మొదటి రోజు ఇలా ఉంది: జున్ను 1, రొట్టె 8, నూనె 3, ద్రాక్షారసము 3. మొత్తము 15 ఆస్సులు. మరునాడు ఉల్లిపాయలు కూడా కొన్నారు, ఖర్చు 23కు పెరిగింది. ఆ రోజు ఇంటి రొట్టెకు 8 ఆస్సులయితే, దాసుని రొట్టెకు 2 అని విడిగా వ్రాశారు.

పాలస్తీనా ధరలు, ఇటలీ ధరలు ఒక్కటి కావు. అయినా ఈ పద్దు మనకొక సంగతి చెబుతుంది. దీనారము అంటే మిగుల్చుకొనే సొమ్ము కాదు, ఒక ఇంట ఆ పూటకు పొయ్యి వెలిగించే సొమ్ము.

ఇప్పుడు ఐదు గంటల కూలివానిని చూడండి. పన్నెండు గంటల పనికి 16 ఆస్సులయితే, గంట పనికి ఒకటిన్నర ఆస్సు కూడా రాదు. దానితో రెండు పిచ్చుకలు వస్తాయి, ఇంటిల్లిపాదికీ రొట్టె రాదు. అతడు సోమరియై నిలబడలేదు, తనను ఎవరూ పనికి పిలవలేదని చెప్పాడు. పని గంట సేపే దొరికిందని పిల్లల ఆకలి తగ్గదు కదా!

యజమానుడు ముందు వచ్చినవారికి ఒప్పుకొన్న కూలి ఒక్క ఆస్సు కూడా తగ్గించలేదు. కనుక న్యాయమునకు లోటు రాలేదు. వెనుక వచ్చినవారి విషయములో మాత్రము అతడు గంటలు లెక్కించలేదు, రొట్టె ధర లెక్కించాడు. 1891లో 13వ లియో పోపుగారు ‘రేరుం నోవారుం’ విశ్వలేఖలో బోధించినదీ ఇదే: ఇద్దరూ ఒప్పుకొన్నంత మాత్రాన కూలి న్యాయమైనది కాదు, పనివాడు పొదుపుగా బ్రతకడానికైనా అది చాలాలి.

ప్రియులారా, మన ఇళ్ళలో అంట్లు తోమే తల్లికి, మన పొలములో నాట్లు వేసే అక్కకు ఇచ్చే కూలి ఎప్పుడు నిర్ణయించాము? అప్పటి బియ్యము ధర ఎంత, ఇప్పుడెంత? “అందరూ ఇచ్చేదే ఇస్తున్నాము” అనడము సులభమే. ఈ వారము బజారు నుండి తిరిగి వచ్చాక మీ పద్దు ప్రక్కన ఆమె పద్దు కూడా ఒక్కసారి వ్రాసి చూడండి. చాలకపోతే ఏమి చేయాలో ద్రాక్షతోట యజమానుడు మనకు చూపించే ఉన్నాడు.