పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారా?

మొన్న పిల్లలతో లేపాక్షి వెళ్లాం. వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం కింద తువ్వాలు ఇటు దూర్చి అటు లాగడం అందరికీ ఒక సరదా. మా పెద్దది తువ్వాలు పట్టుకుని తన వంతు కోసం నిలబడి ఉంటే, చిన్నది పరుగున వచ్చి దాన్ని గుద్దుకుని పడి, ఏడుపు లంకించుకుంది. నేను పెద్దదాన్నే కసిరాను. పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారని సామెత ఉంది కదా!

“నేను కదల్లేదమ్మా. మా బాస్కెట్‌బాల్‌లో అయితే ఫౌల్ దానికే ఇస్తారు” అంది.

ఆ ఆటలో తగలడమే తప్పు కాదట. అడ్డుకునే పిల్ల ఎదురుగా తిరిగి, రెండు కాళ్లూ నేలన ఆనించి ముందే చోటు పట్టుకుంటే, బంతితో వచ్చి మీదికి దూసుకుపోయినవాళ్లదే తప్పు. ఆలస్యంగా పక్కనించి అడ్డుపడిందో, తప్పు ఆవిడది. అందుకే జనమంతా బంతిని చూస్తుంటే రిఫరీ అడ్డుకునేవాళ్ల కాళ్లకేసి చూడాలి. 1891లో నెయిస్మిత్ మాష్టారు రాసిన తొలి నిబంధనల్లోనే బంతిని చూడ్డానికి ఒకరు, మనుషుల్ని చూడ్డానికి ఇంకొకరు ఉన్నారు. ఇంట్లో ఆ ఇద్దరూ మనమే. చూడ్డం ఎక్కడిది, ఏడుపు వినిపించిన వైపు తీర్పు చెప్పేస్తాం!

వచ్చేస్తుంటే గైడు గోడ మీద ఎర్రమరకలు చూపించాడు. రాజుగారి సొమ్ము వాడుకున్నాడన్న నింద పడితే, గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి అక్కడ విసిరికొట్టాడని కథ. పెద్దది మరకలకేసి చూసి, నాకేసి చూసింది.

నేను చిన్నదాని మోకాలు దులుపుతూ ఉండిపోయాను.