కొంచెం ఎత్తి వెయ్యాలి

మా నాన్న అంబాసిడర్ కారులో డ్రైవర్ పక్క సీటు తలుపుకి ఒక పద్ధతి ఉండేది. పట్టుకుని, కొంచెం పైకెత్తి, అప్పుడు వెయ్యాలి. మామూలుగా వేస్తే పడదు. గట్టిగా వేస్తే నాన్నకి కోపం. "కొంచెం ఎత్తి వెయ్యాలి" అనే మాట చుట్టాలకి, స్నేహితులకి, దారిలో ఎక్కించుకున్న వాళ్ళకి మేం ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటామో. ఎత్తి వెయ్యడం వచ్చినవాళ్ళు మనవాళ్ళు. రానివాళ్ళు బయటివాళ్ళు. చిన్నప్పుడు అదేదో మా ఇంటి విద్య అన్నట్టు గర్వంగా కూడా ఉండేది.

నాన్న పోయిన రెండేళ్ళకి, కారు అమ్మాలా ఉంచుకోవాలా అన్నది తేలకముందే, తలుపైనా బాగు చేయిద్దామని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాను. ఉత్తరపారాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. పాత బండ్లు తెలిసిన మేస్త్రి ఒకాయన దొరికారు. తలుపు సగం తెరిచి, చివర అంచు పట్టుకుని పైకెత్తారు. తలుపు టక్కున లేచి, వదలగానే కిందకి దిగింది.

"ప్లే వచ్చేసింది బాబూ. తలుపు బానే ఉంది. మడతబందులు అరిగిపోయినయ్."

లెక్క చాలా చిన్నది. రెండు మడతబందుల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుందాం. పై మడతబందు దగ్గర 1 మిల్లీమీటరు వదులైతే, లాకు ఉండే చివర తలుపు 3 మిల్లీమీటర్లు దిగుతుంది. అరిగేది ఒకచోట, కనిపించేది ఇంకోచోట, అదీ మూడింతలై. అందుకే అందరం లాకునే అనుమానిస్తాం.

మా ఇంట్లోనూ అదే జరిగింది. మేస్త్రి పిల్లర్ మీదున్న లాకు ప్లేటు చూపించారు. దాని పాత గుర్తు పైన ఉంది, ప్లేటు కింద ఉంది. "దిగిపోయిన తలుపుకి అందేట్టు దీన్ని దించుకుంటా వచ్చారు. మీ నాన్నగారేనా?" నాన్నే. ఆదివారాలు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ తలుపు దగ్గర కూర్చోవడం నాకు గుర్తుంది. దించిన ప్రతిసారీ కొన్నాళ్ళు తలుపు చక్కగా పడేది. లోపల పిన్ను అరుగుతూనే ఉండేది. ఇక ప్లేటు దిగే చోటు లేనప్పుడు మా చేతులు నేర్చుకోవడం మొదలుపెట్టాయి. తలుపు కింద గడప మీద రంగు పోయి, ఇనుము బయటపడి, తుప్పు పట్టింది. తప్పు మడతబందుది. జరిగింది లాకు, చెక్కుకుపోయింది గడప.

పాత కారు, విడిభాగాలు అనగానే తత్వశాస్త్రం రుచి తెలిసినవాళ్ళకి థీసియస్ ఓడ గుర్తొస్తుంది. మనకి ఇంకా దగ్గరగా కావాలంటే మిళిందపన్హలో రథం ఉంది. ఇరుసు రథమా, చక్రాలు రథమా అని నాగసేనుడు రాజుని అడుగుతాడు. గొప్ప ప్రశ్నే. కానీ ఆ రోజు షెడ్డులో స్టూలు మీద కూర్చున్న నాకు అంతకంటే చిన్న ప్రశ్న తగులుకుంది. ఒకచోట లోపం ఉంటే, దాని బరువు ఎవరు మొయ్యాలి?

ఈ ప్రశ్న తలుపు గురించే అయితే ఇంత రాయను.

పెళ్ళయిన కొత్తలో మా వదిన ఆ తలుపు మామూలుగా వేసింది. ఖంగుమని మోగింది, పడలేదు. అందరం నవ్వాం. "మా కారుకి కాస్త ఓర్పు కావాలమ్మా" అన్నారు నాన్న. "బాగు చేయించొచ్చు కదా మావయ్యగారూ" అంది వదిన. దానికీ నవ్వాం. వారం తిరక్కుండా తనూ నేర్చుకుంది.

మా అన్నయ్యకి కోపమొస్తే మాట్లాడడం మానేస్తాడు. ఒక పూట కాదు, పది పదిహేను రోజులు. మాకు అది వాతావరణం లాంటిది. ఎప్పుడు పలకరించాలో, ఎప్పుడు కంచం పెట్టేసి పక్కకి వెళ్ళిపోవాలో అమ్మకి తెలుసు. వదినకి తెలీదు. ఒకసారి వంటింటి గుమ్మంలో నన్ను ఆపి, "మీ అన్నయ్య ఎందుకిలా చేస్తారు?" అని అడిగింది. "వాడంతే వదినా. కొంచెం సర్దుకోవాలి" అన్నాను. ఆ మాట ప్రేమగానే అన్నాను. ఇంటి విద్య నేర్పిస్తున్నాననే అనుకున్నాను. నాలుగేళ్ళు సర్దుకుని, వదిన వాళ్ళ పుట్టింటికి వెళ్ళిపోయింది. నా ఒక్క మాట వల్లే వెళ్ళిందనడం నాకు నేను ఇచ్చుకునే పెద్దపీట అవుతుంది. కానీ లాకు ప్లేటు దించిన చేతుల్లో నాదీ ఒకటి.

సర్దుబాటు మొత్తం తప్పని తీర్పు చెప్పేయడం తేలిక. నాన్న చివరి ఏడాది చేతులు వణికేవి. గ్లాసు సగమే నింపి ఇచ్చేవాళ్ళం. అదీ సర్దుబాటే, దానికి నేను ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. ఆ వణుకుని తీసెయ్యగల మేస్త్రి లేడు. అన్నయ్య మౌనం వణుకు కాదు. ఆఫీసులో ఏ రోజూ వాడు అలా ఉండలేదు. బాగుపడగలిగినదాన్ని బాగుపడనిదాని లెక్కలో వేసి, కొత్తగా వచ్చిన మనిషికి ఓర్పు నేర్పించాం. ఆ మోసం ఎక్కడ మొదలైందంటే, ఎత్తి వేస్తున్నామన్న సంగతి మేమే మర్చిపోయిన చోట. తలుపులంటే ఇలాగే ఉంటాయి అనుకున్నాక ఇక మడతబందు వైపు ఎవరు చూస్తారు?

మేస్త్రి పాత పిన్నులు కొట్టి బయటకి తీశారు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. అందులో కొత్త పిన్ను వేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ వదులవుతుందట. ముందు ఆ రంధ్రాన్ని ఇంకా పెద్దది చేసి, గుండ్రం చెయ్యాలి. బాగు చెయ్యడం కోసం ఇంకాస్త ఇనుము పోగొట్టుకోవాలన్నమాట. ఆ తర్వాత లేత్ మీద తీసిన ఇత్తడి బుష్ బిగించి, అందులో కొత్త పిన్ను.

"ఇత్తడి మెత్తన కదా, అరిగిపోదూ?" అన్నాను.

"అరగడానికే అది. అది అరిగితే మారుస్తాం. మడతబందుని కాపాడుద్ది. చమురు మాత్రం వేస్తా ఉండాలి."

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. రెండు ఇనుములు రాసుకునే చోట అరుగుదల తప్పదు. ఎవరు అరగాలో ముందే నిర్ణయించి, అలా అరిగేదాన్ని కనిపెట్టుకుని ఉండడమే మంచి పనితనం. ఇళ్ళల్లోనూ నిర్ణయిస్తాం, కాకపోతే పైకి అనం. ఎక్కువసార్లు ఆఖర్న వచ్చిన మనిషిని బుష్ చేస్తాం. మనిషిని మార్చలేం, మార్చకూడదు. చమురు వెయ్యడం కూడా మర్చిపోతాం.

ఇంకో సంగతి. మడతబందులు బిగించి, తలుపు నిలువుగా నిలబడ్డాకే మేస్త్రి లాకు ప్లేటు ముట్టుకున్నారు. దాన్ని పైకి, పాత గుర్తు దగ్గరికి జరిపారు. అన్నయ్యతో నేను ఇప్పటిదాకా మాట్లాడిందంతా "వదినని వెనక్కి రమ్మని అడుగు" అనే. వరస తప్పింది. ముందు వాడి మౌనం గురించి వాడితో మాట్లాడాలి. వదిన వచ్చినా రాకపోయినా అది చెయ్యాల్సిన పనే. వచ్చే నెల వాడు వస్తున్నాడు. ఎలా మొదలుపెట్టాలో ఇంకా తెలీదు.

కారు ఇంటికి తెచ్చిన సాయంత్రం అమ్మని గుడికి తీసుకెళ్ళాను. ఎక్కి కూర్చుని, అలవాటు ప్రకారం తలుపు ఎత్తబోయింది. లేవలేదు. మెల్లగా లాగింది, లాకు సగమే పడింది. నా వంక చూసింది. "ఎత్తక్కర్లేదమ్మా, మామూలుగా వేసెయ్" అన్నాను. మళ్ళీ తెరిచి వేసింది. టక్కున పడింది.

కాసేపు తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి, "అయితే ఆ పిల్ల వేసినట్టు వెయ్యాలన్నమాట" అంది.