చేపకు దయ, నదికి ధర్మం

సూరత్తు నగరానికి ఎగువన, జాతీయ రహదారి తాపీ నదిని దాటే చోట కామ్‌రేజ్ ఉన్నది. అక్కడ ఒడ్డున ఇద్దరు మనుష్యులు నిలిచి ఉన్నారనుకుందాం. ఒకడు పిండి ముద్దలు చేసి చేపలకు వేస్తున్నాడు. రెండవవాడు జీవావరణ శాస్త్రజ్ఞుడు. అతడు వలలో పడిన చేపలను కొలిచి, తూచి, తిరిగి నీటిలో వదలుతున్నాడు. కాని ఒకదానిని మాత్రం ఫార్మలిన్ నింపిన సీసాలో వేసి మూత పెట్టినాడు. ఈ ఇద్దరిలో దయగలవాడెవడు?

మొదటివాడే అని వెంటనే చెప్పుతాం. జవాబు ఇంత సులభంగా వచ్చినప్పుడే ప్రశ్నను మరల ఒకసారి చూడవలె.

మనం దయ చూపేది కంటికి కనిపించే ఆ ఒక్క చేపకు. కాని చేప అంటే పొలుసులు, మొప్పలు గల దేహం మాత్రమే కాదు. దాని బ్రతుకులో ఒక దారి కూడ ఇమిడి ఉన్నది. బెంగాలులో ఇలిశ అనీ, గోదావరి తీరాన పులస అనీ పిలిచే చేప సముద్రంలో పెరిగి, వరదల వేళకు నదిలోనికి ఎదురీది, మంచినీటిలో గుడ్లు పెడుతుంది. పిల్లలు కొంత ఎదిగి తిరిగి సముద్రానికి పోతాయి. తాపీ, నర్మదలు కూడ ఈ చేప ఎరిగిన నదులే. దాని దారి మూసినవాడు ఒక్క చేపనైనా చేతితో చంపి ఉండడు. అయినా పుట్టవలసిన చేపలకు పుట్టుక లేకుండ చేసినవాడవుతాడు. ఈ హింసలో నెత్తురు కనిపించదు కనుక మనకు పాపభీతి కలుగదు.

తాపీ ముల్తాయీ వద్ద పుట్టి, 724 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. ఆ దారిలో 1950లలో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ ఆనకట్ట, 1995లో సూరత్తు వద్ద సింగణ్‌పోర్ అడ్డుకట్ట లేచినవి. కామ్‌రేజ్‌కు మొదటి రెండూ ఎగువన, మూడవది దిగువన ఉన్నవి. దిగువ అడ్డుకట్ట సముద్రపు పోటును ఆపి నగరానికి త్రాగునీరు నిలుపుతున్నది. అలా నిలిచిన నీటిలో మురుగు చేరి గుర్రపుడెక్క పరచుకొంటున్నది. ఇది తాపీ ఒక్కదాని కథ కాదు. గోదావరిపై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, గంగపై 1975లో ఫరక్కా ఆనకట్ట ఇదే చేపకు అడ్డు నిలిచినవి. వీటిని కట్టినవారు దుర్మార్గులు కారు. దాహం తీర్చిన గోడను నిందించుట కృతఘ్నత. అయితే ఆ నీటికి వెల ఎవరు చెల్లించినారో అడుగకుండుట కూడ కృతఘ్నతే.

ఆ వెలను లెక్క కట్టగలవాడు రెండవవాడు. సుందర్‌లాల్ హోరా (1896–1955) అటువంటివాడు. 1947లో భారత జంతు సర్వేక్షణ సంస్థకు అధిపతి అయిన ఈ శాస్త్రజ్ఞుడు అస్సాము కొండవాగుల చేపలకూ, పశ్చిమ కనుమల చేపలకూ గల పోలికను గమనించి, ఒకప్పుడు వింధ్య, సాత్పురా పర్వతాలే వాటికి వంతెన అయి ఉంటవని ప్రతిపాదించినాడు. ఆ సిద్ధాంతానికి తరువాతివారు ఆక్షేపణలు చెప్పినారు. అయినా తాపీ పుట్టిన ఆ సాత్పురా కొండల గతాన్ని చేప దేహంలో వెదకవచ్చునని మనకు చూపినవాడు ఆయన. ఆ విద్యకు ఆధారం సీసాలలోని చేపలే.

అశోకుని ఐదవ స్తంభశాసనాన్ని గురించి కూడ హోరా 1950లో వ్రాసినాడు. ఆ శాసనం కొన్ని జాతుల చేపలను చంపరాదన్నది. చాతుర్మాస్యపు పున్నములు మొదలైన కొన్ని దినాలలో ఏ చేపనూ చంపరాదు, అమ్మరాదు అన్నది. చక్రవర్తి బెస్తవాని వలను శాశ్వతంగా లాగివేయలేదు. జాతిని బట్టి, కాలాన్ని బట్టి మనిషి చేతికి హద్దు గీచినాడు.

అయితే జ్ఞానం పేరిట చంపుట న్యాయమేనా? అని ఎవరైనా అడుగవచ్చు, అడుగవలె కూడ. సీసాలోని చేప శాస్త్రజ్ఞునికి ఆస్తి కాదు, అప్పు. వేయి చేపల మేలు కోరి ఒకదాని ప్రాణం తీసినవాడు, నదిని గురించి నిర్ణయాలు జరిగే చోట నోరు మెదపకపోతే, ఆ చావు వట్టి చావే అవుతుంది. పిండి వేసేవానిదీ అటువంటి అప్పే. అతని దయ నిజమైనదే. కాని అతని ఇంటి మురుగు అదే నీటిలో కలుస్తుంటే ఆ దయ సగం దారిలో ఆగిపోయినట్లే. గుడ్లు పెట్టే కాలంలో వల ఆపుట, అవసరమైన వేళ నీరు వదలుట, గోడలో చేపకు దారి ఉంచుట, మురుగును శుద్ధి చేయుట: ఇవి దానధర్మాలు కావు, బాకీ తీర్చుట.

ఆషాఢ శుద్ధ సప్తమి తాపీ పుట్టినరోజు. సూర్యపుత్రి అయిన ఈ తల్లికి సూరత్తు ప్రజలు ఆనాడు చీర సమర్పిస్తారు. ఆమె బిడ్డలు సముద్రంనుండి ఎదురీది పుట్టింటికి వచ్చేదీ ఈ వానల కాలంలోనే. తల్లికి చీర పెట్టేవారు బిడ్డలకు తలుపు తీయకుండుట ఏ ధర్మం?