నిజమైన క్రైస్తవుఁ డెవఁడు?

కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో ఆదివారము ప్రార్థనకుఁ బోయియు, కచేరి కాగితములలో హిందువులుగా నిలుచు మాల మాదిగ గృహస్థులు కలరు. వీరు కపటభక్తులనియు, వీరికి రక్షణ లేదనియుఁ గొందఱు బోధకు లందురు. మే మంత సులభముగా నొప్పుకొనఁజాలము. షెడ్యూల్డు కులములను గూర్చిన 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించెను గాని క్రైస్తవునికిఁ జేరలేదు. అతనికి వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున నొక్క శాతమే. బాప్తిస్మము పొందినను ఊరిలో నంటు పోదు. బిడ్డ చదువునకుఁ గల యాసరా మాత్రము పోవును.

పేతురు ప్రాణభయమున ముమ్మాఱు బొంకెను. సంఘ మతనిని వెలివేయక పెద్దగా నెంచెను. సిలువమీఁది దొంగకు బాప్తిస్మమే లేదు, పరదైసు దొరకెను. అట్లని బొంకు మంచిదని మే మనము. విశ్వాసమునకు వెలకట్టిన వారిని విడిచి, ఆ వెల చెల్లింపలేని కూలివానిని నిలదీయుట యే పాటి న్యాయము? నిలదీయువారిలో, పెండ్లి సంబంధమునకుఁ గులము విచారింపనివా రెందఱు?