పాపమెవరిది?

జబ్బుపడ్డ ఆడదానికి మందుకంటే ముందు అందేది ఓ ప్రశ్న. "ఏం పాపం చేసిందో!" భద్రాచలం రాముడికి దణ్ణం పెడుతూ రొమ్ము కాన్సర్ వచ్చిన ఇల్లాలు తనని తాను అడుక్కునేదీ అదే. ఇక జబ్బు ఎముకలకో కాలేయానికో పాకిందంటే మరో మాట తోడవుతుంది. "మనసు గట్టిది కాదమ్మా, పోరాడలేకపోయింది" అని. పరామర్శకు వచ్చినవాళ్ళే అంటారు, కాఫీ తాగుతూ!

ఈ రెండో మాట నాకు మరీ అన్యాయంగా తోస్తుంది.

ఖమ్మం దాటి కొత్తగూడెం వైపు వెళ్తూంటే, అడవి చిక్కబడేలోగా ఎన్ని పత్తిచేలో! ఆ రైతుల్ని అడగండి, మందు కొట్టగా కొట్టగా పురుగు మొండికెత్తుతుందంటారు. మందుకి చావని నాలుగు పురుగులు మిగిలినా చాలు, రేపటి చేను వాటి సంతానానిదే. 2002లో వచ్చిన బీటీ పత్తికి కూడా గులాబీరంగు పురుగు ఇలాగే అలవాటుపడింది. కాన్సర్ కణాలదీ ఇదే తంతు. కణం రెండుగా చీలినప్పుడల్లా జన్యువుల్లో ఏదో పొరపాటు దొర్లవచ్చు. అలా ఒకే గడ్డలో రకరకాల కణాలు తయారవుతాయి. 1976లోనే పీటర్ నోవెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కాన్సర్‌ని పరిణామక్రమంగా చూడమన్నాడు. ఈస్ట్రోజెన్ తగ్గించే మాత్రలు ఏళ్ళ తరబడి వాడిన కొందరిలో, ఈస్ట్రోజెన్ లేకపోయినా పెరగగల కణాలు మిగులుతాయి. ఆ ఇల్లాలు ఒక్క పూట కూడా మాత్ర మరిచిపోలేదు మరి!

ఒంట్లో కాపలా లేదా అంటారేమో. ఉంది. టి-కణాలు తేడా కనిపెట్టి చంపుతాయి. వాటి కంట పడనివి పెరుగుతాయి. కొన్ని కాన్సర్ కణాలు పి.డి.ఎల్.1 అనే ప్రొటీనుని పైకి చూపిస్తాయి, "నేనూ ఈ ఇంటిదాన్నే" అన్నట్టు. కాపలావాడు కర్ర దించేస్తాడు. అబద్ధమా అంటే అదీ కాదు, ఆ కణం నిజంగా ఆ ఇంట్లో పుట్టిందే! ఆ కర్ర మళ్ళీ ఎత్తించే దారి చూపినందుకు ఆలిసన్, హోంజోలకి 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. రొమ్ము కాన్సర్‌లో కొన్ని రకాలకే ఆ మందులు పనికొస్తాయి.

ధైర్యం రోజు గడపడానికి సాయపడుతుంది, కాదనను. కాని నయమై వచ్చినావిడని ధీరురాలంటే, పోయినావిడ పిరికిదనేనా? కర్మని నమ్మేవాళ్ళతోనూ నాకు తగువు లేదు. ఆ నమ్మకం ఆమెకి ఓదార్పయితే ఆమెనే ఉంచుకోనివ్వండి. ఆమె చిట్టా చదివి వినిపించే పని మనకెవరు అప్పగించారు?

హైదరాబాదు ఎమ్.ఎన్.జె. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రెండ్రోజులు పిల్లలకి అన్నం ఎవరు పెడతారన్నది మాత్రం ఎవరూ అడగరు.