టికెట్టు కొన్నవాడి హక్కు

అమెరికాలో, ఫ్లారిడా రాష్ట్రంలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఒక నది వుండేది. నిజమైన నది కాదు. 1971లో ఆ పార్కుతోపాటే తవ్వించి, నీళ్లు నింపి, అమెరికా నదులని పేరుపెట్టిన వంకర కాలువ. దానిమీద పాతకాలపు ఆవిరి పడవ తిరిగేది. నడుమ టామ్ సాయర్ పేర ఒక దీవి. దీవిలో గుహలూ, వూగే వంతెనా, చెక్క కోటా. 2025 జూలై 6న ఆ పడవ చివరిసారి తిరిగింది. నది పూడ్చి, ఆ స్థలంలో 'కార్స్' అనే సినిమాలోని మాట్లాడే మోటారుకార్లకు కొండలూ బాటలూ కట్టాలని కంపెనీ నిర్ణయం. చివరి సవారీకోసం జనం బారులు తీరారు.

ఇది విని నవ్వడం తేలిక. తిండికీ గుడ్డకూ పెనుగులాడే జనం కోట్లకొద్దీ వున్న లోకంలో బొమ్మ నది పూడ్చినందుకు దుఃఖమా అని అడగవచ్చు. నవ్వు నాకూ వచ్చింది, దాచను. కాని ఆ పార్కుల అభిమానుల వాదోపవాదాలు కొంతకాలంగా గమనిస్తూ వచ్చాక, వాటి అడుగున వున్న ప్రశ్న నవ్వి తోసిపారేయదగింది కాదని తోచింది. తనది కాని చోటుతో ఒక మనిషి తన జీవితాన్ని ముడివేసుకుంటే, ఆ చోటుమీద అతనికి ఏపాటి హక్కయినా వుంటుందా?

లేదనేవాళ్ల వాదం సులువైనది. స్థలం కంపెనీది, యంత్రాలు కంపెనీవి. నువ్వు కొన్నది ఒకరోజు టికెట్టు. ఆ రోజు అయిపోయింది, నీ లెక్క చెల్లిపోయింది. పైగా ఊహాశక్తి వున్నంతకాలం డిస్నీలాండ్ పూర్తికాదని దాన్ని కట్టిన వాల్ట్ డిస్నీయే అన్నాడు గదా, మార్పు ఆయన వారసత్వమే గదా అంటారు. చట్టం సంగతి చెప్పాలంటే ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాని ఆ కంపెనీ అమ్మినది నిజంగా ఒకరోజు వినోదమేనా? 2011లో దాని పార్కుల ప్రచారమంతా, జ్ఞాపకాలు మొదలు కానివ్వండి అనే నినాదంమీద నడిచింది. నువ్వు చిన్నప్పుడు ఎక్కిన పడవను నీ కూతురికి చూపించు అని పిలిచినవాడు, ఆ మనిషి నిజంగానే కూతురి చెయ్యి పట్టుకుని వచ్చినప్పుడు, పడవ నాది, నీకేం సంబంధం అనడం న్యాయం కాదు. జ్ఞాపకాన్ని ధరకట్టి అమ్మినవాడు, కొన్నవాడికి జ్ఞాపకం వుందని వెక్కిరించకూడదు. ఇంతవరకూ అభిమానుల పక్షమే నా పక్షం.

అయితే వాళ్లు తమ వ్యాజ్యాన్ని నడిపే తీరు చూస్తే జాలి వేస్తుంది. పాతవి స్వతంత్ర సృష్టులనీ, కొత్తవి సినిమా సరుకులనీ వాళ్ల వాదన. ఇది నిలవదు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచిన నాడే అందులో స్నోవైట్, పీటర్ పాన్, మిస్టర్ టోడ్ రైడ్లున్నాయి. మూడూ డిస్నీ సినిమాలనుంచి వచ్చినవే. పార్కు పుట్టుకే సినిమాల ప్రకటన. 1982లో ఎప్‌కాట్‌లో తెరిచిన శక్తి ప్రదర్శనకు డబ్బు పెట్టింది ఎక్సాన్ చమురు కంపెనీ. అది మూసి, 2022లో మార్వెల్ సినిమా రైడు పెట్టారని వగచేవాళ్లు ఒక ప్రకటన పోయి మరో ప్రకటన వచ్చిందని గ్రహించరు.

ఇక స్ప్లాష్ మౌంటెన్ కథ వుంది. ఈ తగవులో దీన్ని తప్పించుకుపోవడానికి వీల్లేదు. 1989లో కాలిఫోర్నియాలోనూ, 1992లో ఫ్లారిడాలోనూ తెరిచిన నీటి రైడు అది. దుంగ పడవలో కూర్చోబెట్టి చివర కొండమీదనుంచి జారవిడుస్తారు. దారిపొడుగునా బ్రేర్ కుందేలు కథ. ఆ కథ 'సాంగ్ ఆఫ్ ది సౌత్' అనే 1946నాటి డిస్నీ సినిమాలోది. ఆ సినిమాకు మూలం జోయెల్ చాండ్లర్ హారిస్ పుస్తకాలు. హారిస్‌కు ఆ కథలు చెప్పింది బానిసలుగా బతికిన నల్లవాళ్లు. సినిమాలో తోటల జీవితం సుఖశాంతులమయంగా, నల్లముసలివాడు తెల్లపిల్లలకు కథలు చెప్పడానికే పుట్టినట్టుగా చూపించారు. నల్లవాళ్ల హక్కుల సంఘం ఆనాడే అభ్యంతరం చెప్పింది. తన దేశంలో దాన్ని ఇళ్లలో చూసుకునే క్యాసెట్టుగా అమ్మడానికి కంపెనీ ఎన్నడూ సాహసించలేదు. అయినా జంతువులను మాత్రం ఏరుకుని, ముసలివాణ్ణి వదిలేసి, రైడు కట్టి లాభం తీసింది. 2020 జూన్‌లో, జార్జి ఫ్లాయిడ్ హత్యమీద దేశమంతా వీధుల్లోకి వచ్చిన రోజుల్లో, ఆ కథ తీసేస్తామని ప్రకటించింది. 2023లో మూసి, 2024లో టియానా కథతో తెరిచారు. టియానా డిస్నీ సినిమాల్లో మొదటి నల్ల రాకుమారి.

మా బాల్యాన్ని దోచుకున్నారని అప్పుడు గోల చేసినవాళ్లు తక్కువమంది కాదు. వాళ్లందరూ జాతిద్వేషులని నేననను. చాలామందికి ఆ సినిమా సంగతే తెలియదు. తెలిసిందల్లా వేసవి ఎండలో మొహాన పడ్డ నీళ్లూ, పక్కన అరిచిన తమ్ముడూ. కాని ఒకడి తీపి జ్ఞాపకం మరొకడి అవమానంమీద కట్టినదైనప్పుడు, తీపి తగ్గిపోతుందని వగచేవాడికి తీర్పు చెప్పే అధికారం వుండదు. జ్ఞాపకం మాట్లాడే హక్కు ఇస్తుంది. అడ్డుపడే హక్కు ఇవ్వదు. కంపెనీ ఈ పని నీతికోసం చేసిందా, కొత్త బొమ్మలు అమ్ముకోవడానికా అంటే, రెండింటికీ కాబోలు. అంతమాత్రాన పని తప్పయిపోదు.

మరి పోయినది ఏమిటి? పాతదనం కాదు. నార్వే మంటపం సంగతి చూస్తే అసలు నష్టం కనిపిస్తుంది. ఎప్‌కాట్‌లో 1988లో, నార్వేవాళ్ల పెట్టుబడి కూడా కలిసి, ఆ దేశం పేర ఒక మంటపం వెలిసింది. అందులో మేల్‌స్ట్రామ్ అనే పడవ రైడు. వైకింగుల వూరు, మనిషిని శపించి పడవను వెనక్కి తోసే భూతం, ధ్రువపు ఎలుగుబంట్లు, తుపానులో చమురు బావి. దిగాక ఆ దేశంమీద ఒక చిన్న సినిమా. గొప్ప కళ అని చెప్పలేం. పొంతన లేని అతుకుల బొంత. కాని లోపలికి వెళ్లిన పిల్లవాడు బయటికి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు లేని ప్రశ్న ఒకటి వెంట తెచ్చుకునే వీలుండేది. ఈ భూతం ఎవరు? సముద్రం మధ్యలో ఆ ఇనప గోపురం ఏమిటి? 2014లో దాన్ని మూసి, 2016లో అదే కాలువలో 'ఫ్రోజెన్' సినిమా రైడు తెరిచారు. ఆ సినిమా జరిగే రాజ్యం ఏ పటంలోనూ లేదు. ఇప్పుడు పిల్లవాడు పడవెక్కేసరికే పాట అతనికి కంఠస్థం. అతను చూడబోయేది చూసినదే. ఆనందమంతా గుర్తుపట్టడంలో వుంది.

కరీబియన్ సముద్రపు దొంగల రైడులో ఇది మరీ స్పష్టం. 1967లో అది తెరిచినప్పుడు దానికి నాయకుడు లేడు. పడవ సాగుతుంటే ఎటు చూస్తే అటు ఒక ముచ్చట. దాన్నిబట్టి 2003లో సినిమా తీశారు. 2006లో ఆ సినిమా కథానాయకుణ్ణి తెచ్చి రైడులో మూడుచోట్ల నిలబెట్టారు. ఆనాటినుంచి పడవలో అందరి కళ్లూ అతన్నే వెదుకుతాయి. కన్నబిడ్డ వచ్చి తల్లి ఇంట్లో యజమాని అయినట్టయింది.

ఇక్కడ మనవాళ్లు ఒక ఆక్షేపణ తేవచ్చు. తెలిసిన కథను మళ్లీ చూడడంలో తప్పేముంది? మన తోలుబొమ్మలాటలో రాముడి కథ తెలియనివాడెవడు? తెల్లవారేదాకా కూర్చుని చూశారు గదా! నిజమే. కాని రాముడి కథమీద ఎవడికీ పట్టా లేదు. లంకాదహనం మధ్యలో బంగారక్కా, కేతిగాడూ దూరి వూరి పెద్దను ఎగతాళి చేస్తే కాదనే కంపెనీ లేదు. కథ అందరిదీ గనక ఆటగాడు దాన్ని ఆ రాత్రికి తనది చేసుకున్నాడు. డిస్నీ కంపెనీ పెరిగింది సరిగ్గా ఇలాంటి వుమ్మడి కథలమీదే. స్నోవైట్ గ్రిమ్ సోదరులు సేకరించిన జానపద కథ. ఫ్రోజెన్‌కు ప్రేరణ ఆండర్సన్ మంచురాణి కథ. టియానా వెనక కప్ప రాకుమారుడున్నాడు. వుమ్మడి చెరువులో తోడుకున్న నీళ్లకు కంపెనీ తన గట్టు కట్టుకుంది. 1998లో అమెరికా చట్టసభ గ్రంథస్వామ్యం గడువును మరో ఇరవై ఏళ్లు పొడిగించింది. అందుకే 1928లో పుట్టిన తొలి మిక్కీ ఎలుక అందరి సొత్తు కావడానికి 2024 దాకా ఆగవలసివచ్చింది.

పూడ్చిన నదిని ఇప్పుడు మళ్లీ చూద్దాం. టామ్ సాయర్ మార్క్ ట్వేన్ 1876లో రాసిన నవలలోని పిల్లవాడు. అతన్ని ఎవరైనా బొమ్మ గీయవచ్చు, నాటకం ఆడవచ్చు, ఏ వూళ్లోనైనా అతని పేర దీవి కట్టవచ్చు. ఆ దీవిలో పిల్లలకు ఎవరూ కథ చెప్పలేదు. గుహలో దూరాలా, వంతెనమీద గెంతాలా, వూరికే కూర్చోవాలా అన్నది వాళ్ల యిష్టం. అక్కడ అమ్మడానికి పెద్దగా ఏమీ లేదు. దాని నేరం అదే అయివుంటుంది. దాని స్థానంలో రాబోయే కార్ల బొమ్మ గీయడానికి ఒకే కంపెనీకి అనుమతి వుంది. 2006లో పిక్సార్‌ను, 2009లో మార్వెల్‌ను, 2012లో లూకాస్ ఫిల్మ్‌ను కొన్న కంపెనీ, కొన్న పాత్రలను నిలపడానికి స్థలం వెదుక్కోవడంలో వింత లేదు. అభిమానులు పాతదాన్ని వుంచమని అడగడం మాని, ఎవరికీ చెందనిదాన్ని వుంచమని అడిగివుంటే వాళ్ల వాదానికి బలం వచ్చేది. స్ప్లాష్ మౌంటెన్ దగ్గర సిగ్గుపడే అవసరమూ తప్పేది.

అడిగితే మాత్రం వింటారా? ఫ్లారిడాలో 1963నాటి పక్షుల పాటల ప్రదర్శనకు నకలు ఒకటుంది. దానిలోకి 1998లో రెండు సినిమా పక్షులను జొరబెట్టారు. పన్నెండేళ్లపైన అభిమానులు మొత్తుకున్నారు. 2011లో అక్కడ నిప్పు అంటుకుంది. ఆ తరవాత పాత ప్రదర్శనే మళ్లీ తెరిచారు. విన్నపాలు చేయలేని పని అగ్నిహోత్రుడు చేశాడు.

ఆ 1998లోనే ఫ్లారిడాలోని మిస్టర్ టోడ్ రైడును మూసి, విన్నీ ది పూ అనే ఎలుగుబంటికి ఇచ్చారు. నిలపమని అభిమానులు రైడు ముందు గుమిగూడి నిరసన తెలిపారు. ఆ నిరసనకు కూడా టికెట్టు కొనుక్కునే లోపలికి వెళ్లాలి. కొత్త రైడు లోపల గోడమీద ఒక పటం వుంది. అందులో టోడ్ నిలబడి, పూ కథల్లోని గుడ్లగూబకు ఇంటి దస్తావేజు అందిస్తూ వుంటాడు. కంపెనీ చిత్రకారులు దాన్ని సరదాకే గీసివుంటారు. పాత రైడు తెలిసినవాళ్లు తేనెకుండలాంటి బండిలో అటుగా పోతూ, పిల్లలకు ఆ పటం వేలుపెట్టి చూపిస్తారు.